ఉద్యోగం పోయింది, ఇల్లు పోయింది: సాయం కోసం ముందు ఎక్కడికి వెళ్లాలి?

ప్రశ్న (డాలస్, కొత్త సభ్యురాలు):
అందరికీ నమస్కారం. మా వారి ఉద్యోగం కిందటి నెలలో పోయింది. అద్దె కట్టలేక ఇల్లు ఖాళీ చేసి, తెలిసినవారి ఇంట్లో ఒక గదిలో ఉంటున్నాము. బాబు మూడో తరగతి. పాప ఇక్కడే పుట్టింది, ఇంకా ఏడాది నిండలేదు. తిండి, ఇల్లు, బడి అన్నిటికీ కలిపి వెళ్లవలసిన ఆఫీసు ఒకటి ఉంటుందా?

జవాబు (న్యూజెర్సీ):
అమ్మా, మీరు అడగకపోయినా ముందు ఒక విషయం చెప్పాలి. మీ వారిది హెచ్‌-1బీ అయితే, ఉద్యోగం ఆగిన నాటి నుంచి 60 రోజులు గానీ ఐ-94 (ఇక్కడ ఎప్పటివరకు ఉండవచ్చో చెప్పే పత్రం) గడువు గానీ, ఏది ముందు తీరితే అంతవరకే వెసులుబాటు ఉంటుంది. ఇక అన్నీ ఒకేచోట చేసిపెట్టే ఆఫీసు లేదు. ఏది ఎక్కడ దొరుకుతుందో చెప్పడానికి మాత్రం 211 అనే ఫోన్ నంబరు ఉంది. 2000లో ఫెడరల్ కమ్యూనికేషన్స్ కమిషన్ ఆ నంబరును ఇందుకే కేటాయించింది. పాపకూ, మీరు పాలిస్తుంటే మీకూ విక్ (తల్లులకూ పసిపిల్లలకూ ఆహారమిచ్చే ప్రభుత్వ పథకం) కింద ఆహారం వస్తుంది. అక్కడ ఆదాయం చూస్తారే తప్ప వీసా సంగతి అడగరు.

జవాబు (అట్లాంటా):
211 వారు నంబర్లు ఇస్తారు. అసలు కష్టం ఆ తర్వాతే మొదలవుతుంది. మా ఇంట్లో జరిగింది చెబుతాను. మా వారు జబ్బుపడి జీతం ఆగినప్పుడు అద్దె బాకీ పడ్డాము. అద్దె సాయం చేసేచోట ఇంటి యజమాని సంతకం కావాలన్నారు. అంతకుముందు చేతికి తీసుకున్న అద్దెకు ఆయన రసీదులు ఇవ్వలేదు, ఆ సొమ్మునూ బాకీ కిందే రాసుకున్నాడు, కనుక సంతకం చేయనన్నాడు. కరెంటు బిల్లుకు సాయం అడిగితే, అద్దె ఒప్పందం ఇంకా చెల్లుతోందని రుజువు తెమ్మన్నారు; ఆ రుజువూ యజమానే ఇవ్వాలి. ఈలోగా తాళం మార్చేస్తానని ఆయన బెదిరించాడు. కోర్టు ఉత్తర్వు లేకుండా అలా చేయకూడదని మాకు చెప్పినవారు లేరు. చివరికి కమ్యూనిటీ యాక్షన్ ఏజెన్సీలో (ఆదాయం తక్కువున్న కుటుంబాలకు సాయపడే స్థానిక సంస్థ) ఒక కేస్‌వర్కర్ మా చేత సమ్మతి పత్రం మీద సంతకం పెట్టించుకొని, ఉచిత న్యాయసహాయం వారితోనూ, కరెంటు కంపెనీతోనూ, ఆహారం పంచేవారితోనూ తానే మాట్లాడారు. ఆ పత్రం లేకపోతే మీ వివరాలు ఒక సంస్థ మరొక సంస్థకు చెప్పదు, ప్రతిచోటా మీరు మొదటినుంచీ చెప్పుకోవలసి వస్తుంది. 1964 చట్టంతో పుట్టిన ఈ ఏజెన్సీలు దాదాపు ప్రతి కౌంటీకీ ఉన్నాయి. ముందు అటువంటి ఒక మనిషిని చూసుకోండి తల్లీ, తక్కినవి ఆమె ద్వారా కదులుతాయి.

జవాబు (హ్యూస్టన్):
చాలాకాలంగా ఇక్కడ ఉన్నవాడిగా హెచ్చరిస్తున్నాను. ప్రభుత్వ సాయం తీసుకుంటే రేపు గ్రీన్‌కార్డు దగ్గర పబ్లిక్ చార్జ్ అంటారు, అంటే ప్రభుత్వం మీద ఆధారపడే భారమని. మనవాళ్లలోనే నలుగురిని అడిగి సర్దుకోవడం మేలు.

జవాబు (న్యూజెర్సీ):
పెద్దవారు, మన్నించాలి. ఈ భయంతోనే మనవాళ్లు పిల్లలకు రావలసినవి వదులుకుంటున్నారు. పబ్లిక్ చార్జ్ మీద 2022 నియమం లెక్కించేది జీవనానికి ఇచ్చే నగదు సాయాన్ని, ప్రభుత్వ ఖర్చుతో దీర్ఘకాలం నర్సింగ్ హోమ్ వంటి సంస్థలో ఉండటాన్ని. విక్, బడి భోజనం అందులో లేవు. పౌరురాలైన పాపకు వచ్చే స్నాప్‌ను (ఆహారం కొనుక్కోవడానికి ప్రభుత్వం ఇచ్చే సాయం) తల్లిదండ్రుల ఖాతాలో వేయరు.

జవాబు (హ్యూస్టన్):
2019లో తెచ్చిన నియమం 2021లో పోయింది, 2022లో మరొకటి వచ్చింది. రేపు ఏముంటుందో మీరు పూచీ పడగలరా? విక్‌కు నా అభ్యంతరం లేదు. నగదు సాయం మాత్రం ఇమిగ్రేషన్ న్యాయవాదిని అడగకుండా తీసుకోవద్దు.

జవాబు (సియాటిల్, బడిలో పనిచేస్తున్నాను):
ఈ వాదనలో బాబు సంగతి ఎవరూ ఎత్తలేదు. 1987 నాటి మెకిన్నీ-వెంటో చట్టం ప్రకారం, ఇల్లు పోయి ఇతరుల ఇంట్లో తలదాచుకుంటున్న పిల్లలను బడులు నిరాశ్రయులుగానే చూడాలి. బాబు పాత బడిలోనే కొనసాగవచ్చు, రాకపోకల ఏర్పాటు జిల్లావారే చేయాలి, భోజనం ఉచితం. ప్రతి స్కూల్ డిస్ట్రిక్టులోనూ ఇందుకు ఒక లైజన్, అంటే ఇలాంటి పిల్లల సంగతి చూసే ఉద్యోగి, ఉంటారు. రేపు ఉదయమే బడి ఆఫీసుకు వెళ్లి ఆమె పేరు అడగండి, తెలిసినవారి ఇంట్లో ఉంటున్నామని దాచకుండా చెప్పండి.

ఫెడరల్ ఇళ్ల శాఖ (హెచ్‌యూడీ) నిర్వచనం వేరు. స్నేహితుల ఇంట్లో ఉన్నవారిని అక్కడ సాధారణంగా నిరాశ్రయుల కింద లెక్కించరు. కోఆర్డినేటెడ్ ఎంట్రీలో (నిరాశ్రయులకు చోటు చూపే ఉమ్మడి పద్ధతి) అందరినీ ఒకే తీరు ప్రశ్నలు అడిగి, ఎవరు ఎక్కువ ఆపదలో ఉంటే వారికి ముందు చోటిస్తారు. ఎవరు ముందు వచ్చారన్నది చూడరు. అయితే 14 రోజుల్లో ఆ గది వదలవలసి వచ్చి, మరో చోటు గానీ చేతిలో డబ్బు గానీ లేకపోతే మీ పరిస్థితిని పరిగణిస్తారు. ఆ ఇంటివారు ఎన్నాళ్లు ఉండనిస్తారో మొహమాటపడకుండా అడగండి. గడువు దగ్గర పడితే ఆ మాట తేదీ వేసి రాయించుకొని, కేస్‌వర్కర్ దగ్గరకు తీసుకెళ్లండి.