ఫుల్ ఫ్రేమ్‌కి ఫిష్‌ఐ జూమ్: కొనొచ్చా, దండగా?

బెజవాడ_క్లిక్: పెళ్లిళ్లు, గుళ్లు, ఫంక్షన్ హాళ్ల వీడియోలు మా పని. ఉన్నది కెనాన్ ఫుల్ ఫ్రేమ్ (పెద్ద సెన్సార్) మిర్రర్‌లెస్ కెమెరా. కెనాన్ 8-15 మి.మీ. ఎఫ్4 ఎల్ ఫిష్‌ఐ జూమ్ (180 డిగ్రీల దాకా ఒకే ఫ్రేములో పట్టి, గీతల్ని వంచే లెన్స్) మీద కన్ను పడింది. కొత్తది లక్ష పైమాటే. కొనొచ్చా? కారణాలతో చెప్పండి.

మండపం_ముందువరస: వద్దన్నా. ఫుల్ ఫ్రేమ్ మీద అది పేరుకే జూమ్. 8 దగ్గర నల్లటి ఫ్రేము మధ్యలో గుండ్రటి బొమ్మ. 15 దగ్గర ఫ్రేము నిండా బొమ్మ, మూల నుంచి మూలకి 180 డిగ్రీలు. 12 దగ్గర ఆపితే పైనా కిందా కోసుకుపోయి, నాలుగు మూలలూ నల్లబడతాయి. అంటే పనికొచ్చేవి రెండు చివరలే. గుండ్రటి ఫోటో ఆల్బమ్‌లో ఒకటుంటే ముచ్చట, రెండోది పెట్టారంటే పెళ్లివారే తీసేయమంటారు. ఇక మిగిలింది 15. దానికి ఫుల్ ఫ్రేమ్ మాన్యువల్ ఫిష్‌ఐ ఒకటి చాలు, నాలుగో వంతు డబ్బుల్లో పని అయిపోతుంది.

క్రాప్_బాబాయ్: ఫుల్ ఫ్రేమ్ వరకూ ఒప్పుకుంటా. క్రాప్ బాడీ (చిన్న సెన్సార్ కెమెరా) మీద లెక్క తిరగబడుతుంది. కెనాన్ క్రాప్‌లో 10 దగ్గరే ఫ్రేము నిండిపోతుంది, అక్కడి నుంచి 15 దాకా అంతా పనికొస్తుంది. 10 కంటే కిందికి జారకుండా లెన్స్ మీదే లిమిట్ స్విచ్ ఉంది. అసలు క్రాప్‌కైతే టోకినా 10-17 ఇంకా చవక. 10 దగ్గర 180 డిగ్రీలు, 17 దగ్గర సుమారు 100. నికాన్ వాళ్లకో మాట: టోకినాలో ఫోకస్ మోటారు లేదు, డీ3000, డీ5000 వరస బాడీల్లో ఆటోఫోకస్ రాదు. నికాన్ సొంత 8-15 (2017) కి ఆ బాధ లేదు.

కృష్ణలంక_లెన్స్: ఫిష్‌ఐ అంటే అన్నీ వంకరే అనుకోవడం సగమే నిజం. ఫ్రేము మధ్య బిందువు గుండా పోయే గీత వంగదు. ప్రకాశం బ్యారేజీని సరిగ్గా నడిమికి తెస్తే తిన్నగానే వస్తుంది. కెమెరా కిందికి వంచితే బ్యారేజీ గీత ఫ్రేములో పైకి జరిగి గోపురంలా లేస్తుంది, పైకెత్తితే గిన్నెలా దిగుతుంది. ఉండవల్లి గుహల్లో శయన విష్ణువు దగ్గర వెనక్కి జరగడానికి చోటుండదు. విగ్రహం నడుము గీతని ఫ్రేము నడిమికి తెచ్చుకుంటే మూర్తి తిన్నగా ఉంటుంది, వంగేవి స్తంభాలూ కప్పూ. ట్రైపాడ్‌కి పురావస్తు శాఖ అనుమతి కావాలి, కాబట్టి చేతిలో పట్టుకునే తీయాలి. ఎపర్చర్ ఎఫ్/8 పెట్టి, 15 మి.మీ. దగ్గర ఫోకస్ సుమారు ఒక మీటరు మీద ఉంచితే అరమీటరు నుంచి అనంతం దాకా స్పష్టం. 8 మి.మీ. దగ్గర 27 సెంటీమీటర్ల మీద ఉంచితే చాలు.

మండపం_ముందువరస: గుడి సరే, గ్రూప్ ఫోటో సంగతేంటి?

కృష్ణలంక_లెన్స్: అక్కడ 16 మి.మీ. మామూలు వైడ్‌ కంటే ఇదే నయం. వైడ్ గీతల్ని తిన్నగా ఉంచడానికి చివర్లో నిలబడ్డవాళ్ల మొహాల్ని పక్కకి లాగేస్తుంది. ఫిష్‌ఐ మండపం స్తంభాల్ని వంచుతుంది గానీ మొహాల్ని అంత సాగదీయదు. సాఫ్ట్‌వేర్‌లో గీతల్ని నిలబెట్టాలని చూస్తే మాత్రం మళ్లీ అదే సాగుడు. పైగా అంచులు కోతపడతాయి, మిగిలినవి మసకేస్తాయి. ఆ పని కోసమైతే ఫిష్‌ఐ కొనకండి.

మండపం_ముందువరస: మరి ఫ్లాష్? కెమెరా మీది ఫ్లాష్ 180 డిగ్రీలు పరవదు, నడుమ తెలుపు, అంచులు చీకటి. పైకప్పుకి కొట్టి వెలుగు దించుదామంటే ఆ తెల్ల మచ్చ ఫ్రేములోనే పడుతుంది. లైట్‌బాయ్, స్టాండు, మన చెప్పులు కూడా. తలంబ్రాలప్పుడు దగ్గరకెళ్తే పసుపు బియ్యం నేరుగా ముందు అద్దానికి తగులుతాయి. అద్దం ఉబ్బెత్తు, మీద ఫిల్టర్ బిగించే వీల్లేదు. పడితే ముందు బ్లోయర్‌తో ఊదాలి, ఆ తర్వాతే గుడ్డ. లేకపోతే గీతలే.

క్రాప్_బాబాయ్: హుడ్ ఉంది కదా అంటారేమో, ఫుల్ ఫ్రేమ్‌లో 8 దగ్గర హుడ్ కూడా బొమ్మలోకి వస్తుంది. తీసేయాల్సిందే.

బెజవాడ_క్లిక్: అర్థమైంది. వీడియోకి ఎన్‌డీ ఫిల్టర్ (వెలుగు తగ్గించే ఫిల్టర్) ఎలా మరి? ఫంక్షన్ హాళ్లవాళ్లు 360 టూర్ కూడా అడుగుతున్నారు.

కృష్ణలంక_లెన్స్: వెనక జెలటిన్ ఫిల్టర్ దూర్చే చోటుంది. మీ కెమెరాది ఆర్ మౌంట్, ఈ లెన్స్‌ది ఈఎఫ్ మౌంట్, మధ్యలో ఎలాగూ అడాప్టర్ కావాలి కాబట్టి డ్రాప్-ఇన్ ఫిల్టర్ అడాప్టర్ తీసుకుంటే వేరియబుల్ ఎన్‌డీ మధ్యలోనే పడుతుంది. 360 అడిగేవాళ్లు ఉన్నారంటే నా సమాధానం మారుతుంది, కొనండి. 8 దగ్గర చుట్టూ నాలుగు ఫోటోలతో హాలంతా అతుక్కుంటుంది. 15 దగ్గరైతే నిలువుగా చుట్టూ ఆరు, పైకొకటి, కిందికొకటి. హడావిడి హాల్లో మొదటిది, పెద్ద సైజు ప్రింటుకి రెండోది. పనోరమా హెడ్ (కెమెరాని లెన్స్ బిందువు చుట్టూ తిప్పే ట్రైపాడ్ తల) తప్పనిసరి. మామూలు ట్రైపాడ్ మీద తిప్పితే దగ్గరి కుర్చీలూ స్తంభాలూ అతుకుల దగ్గర తెగిపోతాయి. అతకడానికి సాఫ్ట్‌వేర్‌లలో హగిన్ ఉచితం, పీటీగుయ్ డబ్బులకి.

మండపం_ముందువరస: 360 వరకూ నేనూ కాదనను. పెళ్లి ఒక్కదానికే అయితే మాత్రం ముహూర్తాల సీజన్లో రెండు రోజులు అద్దెకి తెచ్చుకోండి అన్నా. సెకండ్ హ్యాండ్ దొరికితే ముందు అద్దం మీద టార్చి ఏటవాలుగా కొట్టి చూడండి. సూర్యుడు ఫ్రేములో ఉండగా ఒకటి తీయండి, గీతలుంటే అక్కడ బయటపడతాయి.