కెన్యాకు పది మందిమి వెళ్లాలా, ఆ శ్రమేదో కోసిగిలో పెట్టాలా? మా క్లబ్బులో తేలడం లేదు

రాజ్‌విహార్ సెంటర్:
మా క్లబ్బులో రెండు వారాలుగా ఇదే గొడవ. బయటివాళ్ల మాట కూడా విందామని ఇక్కడ పెడుతున్నా. కర్నూల్లో నలభై మంది దాకా ఉన్న సేవా క్లబ్బు మాది. వ్యాపారస్తులు, లెక్చరర్లు, ఇద్దరు ముగ్గురు డాక్టర్లు ఉన్నారు. రక్తదానం, పెద్దాసుపత్రి దగ్గర రోగుల వెంట వచ్చినవాళ్లకు భోజనం, పల్లెల్లో కంటి శిబిరాలు, ఇవి ఏటా చేస్తాం. ఈసారి కొందరు సభ్యులు జనవరిలో కెన్యాకు పది మంది వెళ్దామంటున్నారు. అక్కడ మాలాంటి క్లబ్బే ఒకటి తోడు ఉంటుందట, ఒక బడికి రంగులు వేసి, నాలుగు రోజులు కంటి పరీక్షలు చేసి, వారానికి తిరిగి రావడం. టికెట్లు ఎవరివి వాళ్లే పెట్టుకుంటారు కానీ మందులు, కళ్లద్దాలు, సామాను క్లబ్బు ఖాతాలోంచి.

నేను వద్దంటున్నా. రానుపోను టికెట్టు, ప్రయాణ అనుమతి ఫీజు, బస అన్నీ కలిపితే మనిషికి లక్ష దాటుతుంది, పైగా వెళ్లేముందు ఎల్లో ఫీవర్ టీకా వేయించుకుని పది రోజులు ఆగాలి, ఆ సర్టిఫికెట్ లేకపోతే తిరిగొచ్చేటప్పుడు మన ఎయిర్‌పోర్టులోనే ఆపుతారు. ఇంత తిప్పలు పడి వెళ్లి రంగులు వేస్తామా? రంగులు వేసేవాళ్లు కెన్యాలో లేరా? ఇక్కడ మా జిల్లాలోనే కోసిగి, మంత్రాలయం, కౌతాళం వైపు దసరా దాటితే ఊళ్లకు ఊళ్లు సుగ్గికి, అంటే కూలి పనులకు వలస, పోతాయి, ముసలివాళ్లు మాత్రం మిగులుతారు. ఆ డబ్బు, ఆ మనుషులు అక్కడ పనికొస్తారని నా వాదన. వచ్చే మీటింగులో ఓటింగు ఉంది. తప్పయితే చెప్పండి.

తుంగభద్ర గట్టు:
అన్నా, నీ బాధ అర్థమైంది, కానీ "మన ఊరు ముందు" అనే మాటతో నాకు పేచీ ఉంది. అమెరికాలో, జపాన్‌లో, ఇంగ్లండ్‌లో ఉన్న రోటరీ సేవా క్లబ్బుల వాళ్లు కూడా అదే మాట అనుకుని ఉంటే మన పిల్లలకు పోలియో చుక్కలు ఆ స్థాయిలో అందేవా? 1985లో రోటరీ ఈ పని నెత్తికెత్తుకుంది. 1988 నాటికి 125కు పైగా దేశాల్లో ఏడాదికి మూడున్నర లక్షల మంది పిల్లలు పోలియో బారిన పడుతున్నారు. విదేశాల నుంచి సభ్యులు సొంత ఖర్చులతో వచ్చి యూపీ, ఢిల్లీ గల్లీల్లో మన ఆశా వర్కర్ల వెంట తిరిగి చుక్కలు వేశారు. మన దేశంలో చివరి కేసు 2011 జనవరిలో హౌరాలో వచ్చింది, 2014 మార్చి 27న మనకు పోలియో లేదని సర్టిఫికెట్ ఇచ్చారు.

చిన్నప్పుడు మా తలుపు మీద సుద్దముక్కతో "పి" అని రాసిపోయేవాళ్లు, పిల్లలందరికీ చుక్కలు పడిన ఇల్లు అని గుర్తు. ఎవరైనా మిగిలితే "ఎక్స్" రాసి మళ్లీ వచ్చేవాళ్లు. ఆ చుక్కల వెనకాల ఎక్కడో ఒక ఊరి క్లబ్బు చందా ఉంది. ఇప్పుడు పాకిస్తాన్, అఫ్గానిస్తాన్‌లలో మాత్రమే ఆ వైరస్ పాతుకుపోయి ఉంది. అక్కడ ఉన్నంతకాలం ఇక్కడ చుక్కలు ఆపలేం. తీసుకునేటప్పుడు ప్రపంచం, ఇచ్చేటప్పుడు కర్నూలు అంటే ఎట్లా?

కోసిగి టీచర్:
నేను కోసిగి మండలంలో బడిలో పనిచేస్తా. మా పేరు వచ్చింది కాబట్టి చెప్తున్నా. విదేశాలకు పోవద్దని నేను అనను, కానీ ఇక్కడికి వచ్చేవాళ్లు కూడా ఎట్లా వస్తారో వినండి.

పోయిన ఏడాది ఒక క్లబ్బు వాళ్లు మా ఊరికి కంటి శిబిరం తెచ్చారు. పేరు అనవసరం, మంచి మనసుతోనే చేశారు. టెంటు, బ్యానరు, ఫోటోలు, పులిహోర. మా బడి వెనక ఉండే ఒక అవ్వకు శుక్లం ఉందని బస్సులో తీసుకుపోయి ఆపరేషన్ చేయించి మూడోరోజుకు దింపేసి పోయారు. నల్లద్దాలు, ఒక ప్లాస్టిక్ కవరులో రెండు చుక్కల సీసాలు, ఒక చీటీ ఇచ్చారు. చీటీ ఇంగ్లీషులో ఉంది. మొదటి వారం రోజుకు ఆరుసార్లు, తర్వాత తగ్గించుకుంటూ ఆరు వారాలు వేయాలి. కొడుకు, కోడలు అప్పటికే గుంటూరుకు మిరపకాయ కోతకు పోయినారు, ఫోను కూడా వాళ్లతోనే పోయింది. అవ్వ ఏం చేసేదంటే, బడి గంట వినపడగానే గోడ పట్టుకుని వచ్చేది. ప్రార్థన గంటకు ఒకసారి, ఇంటర్వెల్‌కు ఒకసారి, మధ్యాహ్నం అన్నం గంటకు, సాయంత్రం లాంగ్ బెల్లుకు. తల వెనక్కి వాల్చి అరుగు మీద కూర్చునేది, నేనో, మా ఆయమ్మో చుక్కలు వేసేవాళ్లం. మా బడి గంటే ఆమెకు గడియారం అయింది.

తర్వాత సంక్రాంతి సెలవులు వచ్చినాయి, నేను మా ఊరికి పోయినా. పది రోజులకు తిరిగొస్తే కన్ను ఎర్రబడి, రెప్పలు అంటుకుపోయి ఉన్నాయి. చీటీ మీద ఉన్న నంబరుకు చేస్తే ఎవరూ ఎత్తలేదు. నేనే కర్నూలుకు తీసుకుపోయినా. చూపు పూర్తిగా పోలేదు గానీ మసకే. ఆ పది రోజులు నాకు ఇప్పటికీ మనసులో ముల్లు లాగే ఉంది.

కోసిగి అయితే దగ్గర, కెన్యా అయితే దూరం అని కాదు సార్. ఆ టెంటు పీకేసిన మర్నాడు ఊళ్లో ఎవరుంటారు? నాకు అదొక్కటే కావాలి.

రాజ్‌విహార్ సెంటర్:
మేడమ్, మీరు రాసింది రెండుసార్లు చదివా. అది మా క్లబ్బే కావచ్చు, కాకపోవచ్చు, మేమూ ఇట్లాగే చేస్తాం. ఆపరేషన్ల సంఖ్య రిపోర్టులో రాస్తాం, ఆరో వారం ఆ మనిషి ఎట్లా ఉన్నాడో రాసే గడే మా ఫారంలో లేదు.

లెక్కల మనిషి:
ఆడిటింగ్ చేసేవాణ్ని, ఒక్క మాట. మీ క్లబ్బు ట్రస్టుగా రిజిస్టర్ అయి పన్ను మినహాయింపు తీసుకుంటుంటే జాగ్రత్త. సేవా ట్రస్టు డబ్బు దేశం లోపల ఖర్చయితేనే మినహాయింపు, బయట ఖర్చు పెట్టాలంటే పన్నుల బోర్డు అనుమతి విడిగా కావాలి. కెన్యాకు మందులు, అద్దాలు ట్రస్టు ఖాతాలోంచి కొంటే రేపు నోటీసు వస్తుంది. సొంత డబ్బుతో వెళ్లేవాళ్లను ఎవరూ ఆపరు.

పాతబస్తీ వాసి:
2009 అక్టోబరు 2న కర్నూలు వరదల్లో మా ఇల్లు మునిగింది. తుంగభద్ర, హంద్రీ రెండూ ఒకేసారి మీదికొచ్చినాయి. రెండు రాత్రులు మిద్దె మీదే ఉన్నాం, పక్కింటివాళ్లతో కలిపి పదిహేడు మందిమి, చిన్నపాప పాలకు ఏడుస్తుంటే వాన నీళ్లు పట్టి తాగించినాం. నీళ్లు తీసినాక కిందికి దిగితే ఇంట్లో మోకాలి లోతు బురద. బీరువా తలుపు తెరిస్తే చీరల మధ్య కూడా బురదే. అప్పుడు పారలు పట్టుకుని ఇరవై మంది దాకా కుర్రాళ్లు వచ్చినారు, మా ఊరివాళ్లు కాదు, మా జిల్లావాళ్లూ కాదు. రెండు రోజులు మా వీధంతా బురద ఎత్తి పోసినారు. మా నాన్న అన్నం పెడతామంటే, మీకే లేదు కదా పెద్దాయనా అని వాళ్లు తెచ్చుకున్న రొట్టెలు మాకే పెట్టినారు. ఏ సంఘం, ఏ ఊరు అని అడగాలన్న సోయి కూడా మాకు లేదు అప్పుడు.

కాబట్టి దూరం నుంచి వచ్చే సాయాన్ని తీసిపారేయడం నా వల్ల కాదు. కానీ ఒకటి గమనించండి, ఆ రోజు పార పట్టడానికి మనుషులు తక్కువయ్యారు కాబట్టి మనుషులు వచ్చినారు. కెన్యాలో ఆ బడికి రంగు వేయడానికి మనుషులు తక్కువయ్యారా అన్నదే అడగాలి.

అనంత నుంచి:
మా జిల్లా సంగతి మీకు తెలుసు. స్పెయిన్‌లో పుట్టిన విన్సెంట్ ఫెర్రర్ 1969లో అనంతపురంలో అడుగుపెట్టి, 2009లో ఇక్కడే కన్నుమూశాడు. నలభై ఏళ్లు. ఆయన పెట్టిన సేవా సంస్థ ఆర్డీటీ కట్టిన ఇళ్లు, బత్తలపల్లి ఆసుపత్రి, బడులు ఎవరినడిగినా చూపిస్తారు. డబ్బు చాలావరకు స్పెయిన్‌లోని మామూలు జనం నెలనెలా కట్టిన చందాలే. అంటే అక్కడివాళ్లు అందరూ విమానం ఎక్కి రాలేదు, ఇక్కడ ఉండిపోయిన మనుషుల చేతికి డబ్బు పంపారు. నా ఓటు ఆ పద్ధతికి. వారానికి పోయి వచ్చేది సేవ కాదని అనను గానీ, పోయినవాళ్లకే ఎక్కువ లాభం.

తుంగభద్ర గట్టు:
పోయినవాళ్లకు లాభం అనేది నేనూ ఒప్పుకుంటా, అదేమీ తప్పు కాదు. ఇరవై రెండేళ్ల కుర్రాడు ఒకసారి వేరే దేశపు పల్లె చూసి వస్తే తర్వాత జీవితాంతం చందా ఇస్తాడు, పనిచేస్తాడు. ఇంకో సంగతి. రోటరీలో గ్లోబల్ గ్రాంటు, అంటే పెద్ద సేవా పనులకు వాళ్లిచ్చే నిధి, కావాలంటే కనీసం 30,000 డాలర్ల ప్రాజెక్టు ఉండాలి, అంటే పాతిక లక్షల పైమాటే, దానికి పని జరిగే ఊరి క్లబ్బు ఒకటి, వేరే దేశపు క్లబ్బు ఒకటి ఉండి తీరాలి. విదేశాల్లో మనకు స్నేహం లేకపోతే కోసిగికి కూడా ఆ డబ్బు రాదు. బయటికి వేసిన దారిలోనే లోపలికి కూడా వస్తుంది.

కంటి డాక్టర్, కర్నూలు:
ఇలాంటి యాత్ర ఒకటి నేను చేశాను కాబట్టి రాస్తున్నా. ఆఫ్రికాలోనే, దేశం పేరు వద్దు. అక్కడి మెడికల్ కౌన్సిల్ అనుమతి రావడానికే నెలలు పట్టింది, అది లేకుండా మనం అక్కడ కన్ను ముట్టుకోకూడదు. వెళ్లాక మూడు రోజుల్లో చేయగలిగినన్ని ఆపరేషన్లు చేశాం. నాలుగో రోజు అక్కడి నర్సు ఒకామె నన్ను అడిగింది, "మీ మిషను మాకు వదిలిపెట్టినా మేము నడపలేం, మాలో ఒకరికి నేర్పించి పోతారా" అని. నా దగ్గర జవాబు లేదు, మర్నాడు విమానం.

నేర్పించే విషయంలో మన దేశం వెనకబడి లేదు. మదురైలో అరవింద్ కంటి ఆసుపత్రి, హైదరాబాద్‌లో ఎల్వీ ప్రసాద్ సంస్థ, రెండింటికీ ఎన్నో దేశాల నుంచి డాక్టర్లు, టెక్నీషియన్లు వచ్చి నేర్చుకుని పోతారు. అందుకే నేనేమంటానంటే, ఇక్కడి నుంచి పది మందిని పంపే ఖర్చుతో అక్కడి వాళ్లనే ఇద్దరిని ఇక్కడికి రప్పించి నేర్పించండి.

టీచరమ్మ చెప్పిన అవ్వ విషయానికి కూడా అదే మందు. ఎల్వీ ప్రసాద్ వాళ్ల పద్ధతిలో సుమారు యాభై వేల జనాభాకు ఒక విజన్ సెంటరు పెడతారు, అందులో ఆ ప్రాంతపు అమ్మాయికో అబ్బాయికో ఏడాది శిక్షణ ఇచ్చి కూర్చోబెడతారు. డాక్టరు అక్కర్లేదు. చూపు పరీక్ష, అద్దాలు, ఆపరేషన్ అయినవాళ్లకు చుక్కలు సరిగ్గా పడుతున్నాయా చూడటం, ఎర్రబడితే ఆరోజే ఫోను చేయడం. ఆరు వారాలు కాదు, ఏడాదంతా మనిషి ఊళ్లో ఉంటాడు.

రాజ్‌విహార్ సెంటర్:
డాక్టర్ గారూ, ఇది మీటింగులో నా మాటగా కాదు, మీ మాటగా చదువుతా. కెన్యా కావాలా కోసిగి కావాలా అని ఓటింగు పెట్టడమే పొరపాటు అనిపిస్తోంది ఇప్పుడు. వెళ్లాలనుకున్న పది మందినీ టికెట్టు డబ్బులో సగం ఇస్తారా అని అడుగుతా. ఇద్దరు కెన్యా టెక్నీషియన్లు, ఒక కోసిగి అమ్మాయి, ముగ్గురికీ శిక్షణ. గట్టు తమ్ముడూ, నువ్వు చెప్పిన స్నేహం కూడా నిలుస్తుంది కదా? టీచర్ గారూ, ఇంటర్ పాసైన అమ్మాయి మీ దగ్గర ఉందా?

కోసిగి టీచర్:
ఉంది సార్. పోయినేడు ఇంటర్ అయింది, చురుకైన పిల్ల, ఆ అవ్వకు మనవరాలి వరుస. కానీ ఇప్పుడు ఆ పిల్ల గుంటూరులోనే ఉంది, వాళ్లమ్మ పక్కన కూర్చుని మిరపకాయలు కోస్తా ఉంది. కాయలు తూకం వేసి కూలి ఇస్తారు, కోసే చేతులు తగ్గితే ఇంటి లెక్క తగ్గుతుంది. మొన్న సీజన్‌కు ముందే కూలీలను తీసుకుపోయే మేస్త్రీ దగ్గర వాళ్ల నాన్న అడ్వాన్సు తీసుకున్నాడు. శిక్షణ ఫీజు మీరు కడతారు, హాస్టల్ కూడా కడతారు, సరే. ఆ ఏడాది ఆ పిల్ల కూలి ఎవరు కడతారో కూడా మీటింగులో అడగండి. అది తేలితే నేను రేపే గుంటూరు బస్సెక్కి వాళ్ల నాన్నతో మాట్లాడతా.