జేఈఈలో అమ్మాయిలు వెనకబడటానికి కారణం మెదడా, ఇల్లా?

గుంటూరు లెక్చరర్:
ఇంటర్ ఎంపీసీ పిల్లలకు ఫిజిక్స్ చెబుతాను. ఇంటర్ ఫలితాల్లో ఏటా అమ్మాయిలదే పైచేయి. జేఈఈ అడ్వాన్స్‌డ్ ర్యాంకులకు వచ్చేసరికి తారుమారు. 2018కి ముందు ఐఐటీ బీటెక్‌లో పదిమందిలో ఒక్క అమ్మాయి కూడా ఉండేది కాదు. తిమోతి గొన్సాల్వెస్ కమిటీ సిఫారసుతో అమ్మాయిల కోసం అదనపు సీట్లు పెట్టి, 2020కల్లా వాటాను 20 శాతానికి తెచ్చారు. మంచిదే. కానీ ర్యాంకుల్లో తేడా ఎందుకొచ్చిందో సీట్లు చెప్పవు.

నా అభిప్రాయం సూటిగా చెబుతాను. ఒక ఆకారం బొమ్మ చూసి, దాన్ని మనసులోనే తిప్పి, పక్కనున్నది అదేనా కాదా అని తేల్చే పరీక్ష ఉంది. షెపర్డ్, మెట్జ్‌లర్ 1971లో మొదలుపెట్టారు. ఇలాంటి పరీక్షల్లో మగవాళ్లు సగటున ముందుంటారు, చాలా దేశాల్లో ఇదే తేలింది. అణువుల ఆకారాల గురించి చెప్పే స్టీరియోకెమిస్ట్రీకి, తిరిగే వస్తువుల లెక్కలుండే రొటేషనల్ మోషన్‌కి కావలసింది ఈ శక్తే. పుట్టుకతో కొంత తేడా ఉందని ఒప్పుకోవడానికి ఎందుకింత జంకు?

న్యూరో విద్యార్థిని:
సర్, ఆ పరీక్షలో తేడా నిజమే. మనస్తత్వ శాస్త్రం కొలిచిన ఆడా మగా తేడాలు చాలావరకు అతి చిన్నవి, వాటి మధ్య ఇది పెద్దదే. కానీ తేడా కనిపించిందంటే అది పుట్టుకతో వచ్చినట్టు కాదు.

మన దేశంలోనే జరిగిన పరిశోధన చూడండి. ఈశాన్యంలో ఖాసీ తెగవాళ్లకు ఆస్తి చిన్న కూతురికి వెళ్తుంది. ఇరుగుపొరుగున ఉండే కార్బీల్లో కొడుకులకు వెళ్తుంది. హాఫ్‌మన్, గ్నీజీ, లిస్ట్ ఆ ఊళ్లకు వెళ్లి నాలుగు ముక్కల పజిల్ పేర్చమన్నారు. ఫలితాలు 2011లో వచ్చాయి. కార్బీ ఆడవాళ్లకు మగవాళ్లకన్నా మూడో వంతుకు పైగా ఎక్కువ సమయం పట్టింది. ఖాసీల్లో ఆ తేడానే కనబడలేదు. పొలమూ ఇల్లూ ఎవరి చేతిలో ఉన్నాయనే దానికీ, ముక్కలు పేర్చే వేగానికీ లింకు ఉందంటే ఆలోచించాల్సిందే కదా.

టొరంటోలో 2007లో ఫెంగ్, స్పెన్స్, ప్రాట్ కొద్దిమంది విద్యార్థుల చేత 10 గంటలు యాక్షన్ వీడియోగేమ్ ఆడించారు. అమ్మాయిలే ఎక్కువ మెరుగుపడ్డారు, తేడా బాగా తగ్గింది. చిన్న ప్రయోగమే, దాని మీద మేడలు కట్టను. నాకు గట్టి సాక్ష్యంగా కనిపించేది అమెరికా లెక్క. 1980ల మొదట్లో 13 ఏళ్లలోపు పిల్లలు కాలేజీ ప్రవేశానికి పెట్టే శాట్ పరీక్షలో గణితం రాస్తే, 800కి 700 దాటినవాళ్లలో 13 మంది అబ్బాయిలకు ఒక అమ్మాయి ఉండేదని బెన్‌బో, స్టాన్లీ రాశారు. 1990లకల్లా అది సుమారు నలుగురికి ఒకరైంది. ఆ కొద్ది ఏళ్లలో జన్యువులు మారిపోలేదు.

బయాలజీ మాస్టారు:
అమ్మా, నలుగురికి ఒకరు అయ్యాక మాత్రం చాలా ఏళ్లు అక్కడే ఆగిపోయింది. ఆ మాట కూడా చెప్పాలి.

ఇంకో విషయం. కంజెనిటల్ అడ్రినల్ హైపర్‌ప్లేషియా అనే పరిస్థితిలో ఆడశిశువుకు తల్లి కడుపులోనే ఆండ్రోజెన్లు, అంటే మగ హార్మోన్లు, ఎక్కువగా అందుతాయి. పుట్టాక ఆడపిల్లలాగే పెంచుతారు. అయినా వాళ్లు కార్లు, బ్లాకుల లాంటి బొమ్మలతో మిగతా ఆడపిల్లలకన్నా ఎక్కువసేపు ఆడతారని బెరెన్‌బామ్, హైన్స్ 1992లో చూపించారు. ఆ తర్వాత కూడా అదే కనబడింది. పెంపకమే సర్వం అనేవాళ్లు దీనికి జవాబు చెప్పాలి.

రాత్రి డ్యూటీ:
మగవాళ్ల మెదడు సైజే పెద్దది కదండీ, దానికింత చర్చ ఎందుకు?

న్యూరో విద్యార్థిని:
సగటున 11 శాతం పెద్దది, శరీరమూ పెద్దదే. సైజును బట్టి ఒక మనిషి లెక్కలు చేస్తాడో లేదో చెప్పలేం. టెల్ అవీవ్‌లో డాఫ్నా జోయెల్ బృందం 2015లో 1,400కు పైగా మెదడు స్కాన్లు పరిశీలించింది. అన్ని భాగాలూ 'మగ' వైపో, అన్నీ 'ఆడ' వైపో ఉన్న మెదళ్లు చాలా అరుదు. ఎక్కువమందిలో రెండూ కలిసే ఉన్నాయి.

మాస్టారూ, మీరు చెప్పిన ఆడపిల్లల సంగతి ఒప్పుకుంటాను. హార్మోన్ల ప్రభావం ఆసక్తి మీద ఉంది. కానీ మనసులో బొమ్మ తిప్పే పరీక్షలో వాళ్లు ముందున్నారా అంటే ఫలితాలు ఒకదానితో ఒకటి పొసగడం లేదు. బొమ్మ కారు నుంచి అడ్వాన్స్‌డ్ ర్యాంకు దాకా గీత గీయడం తొందరపాటు.

ఇద్దరు ఆడపిల్లల నాన్న:
మీ అందరంత చదువుకోలేదు, చూసింది చెబుతాను. మా పెద్దమ్మాయికి మెయిన్స్‌లో కాస్తలో ర్యాంకు పోయింది. లాంగ్‌టర్మ్ పెడదామంటే మా అన్నదమ్ములంతా ఒకే మాట: "ఆడపిల్లకు ఏడాది వృథా ఎందుకురా, ఇక్కడే ఏదో ఒక కాలేజీలో చేర్పించు." అదే ఏడాది అంతకన్నా తక్కువ మార్కులొచ్చిన మా అన్న కొడుకును మాత్రం ఊరు దాటించి హాస్టల్లో పెట్టారు. తర్వాతి ఏడు వాడికి మంచి ర్యాంకే వచ్చింది. ఆ రెండో ఏడాదిని మీరు మెదడు ఖాతాలో వేస్తారా, మాస్టారూ?

గుంటూరు లెక్చరర్:
మీరన్నది కాదనను అన్నా, మా దగ్గర లాంగ్‌టర్మ్ బ్యాచ్‌లో అమ్మాయిలు వేళ్ల మీద లెక్కపెట్టేటంత మందే. అయినా ఒకే క్లాసులో, ఒకే మెటీరియల్‌తో చదివే మొదటిసారి పిల్లల్లోనూ పై ర్యాంకుల దగ్గర తేడా కనిపిస్తోంది. అదంతా ఇంటి ఖాతాలో వేయలేను. మేడమ్, మీరు చెప్పేది నిజమైతే క్లాసులో చేయదగ్గది ఏమైనా ఉందా?

న్యూరో విద్యార్థిని:
ఉంది సర్. అమెరికాలోని మిషిగన్ టెక్ యూనివర్సిటీలో షెరిల్ సోర్బీ 1990ల నుంచి ఇంజినీరింగ్ మొదటి ఏడాదిలో ఇదే చేశారు. చేరగానే అందరికీ ఆ తిప్పే పరీక్ష పెట్టి, తక్కువ వచ్చినవాళ్లకు చిన్న కోర్సు చెప్పారు. ఘనాలు పేర్చి చూడటం, ముందు నుంచి, పై నుంచి, పక్క నుంచి చేత్తో గీయడం, తిప్పాక ఎలా ఉంటుందో మళ్లీ గీయడం. స్కోర్లు పెరిగాయి, ఇంజినీరింగ్‌లో నిలిచిన అమ్మాయిల శాతమూ పెరిగింది. మీరు ఫస్టియర్ మొదట్లోనే అబ్బాయిలకూ అమ్మాయిలకూ పరీక్ష పెట్టండి. తక్కువ వచ్చినవాళ్లెవరైనా సరే, రోజూ కాసేపు గీయించండి. రెండో టర్మ్ మార్కులు ఇక్కడే పెట్టండి, చూద్దాం.