డ్రాయింగ్ దశలోనే అందరూ కలిస్తే ప్రాజెక్టు ఫలితాన్ని ముందే చెప్పగలమా?

ప్రశ్న (సైట్ ఇంజనీరు, విజయవాడ):
నేను ఒక ఆసుపత్రి భవనం పనిలో ఉన్నాను. ఏసీ, ప్లంబింగ్ కాంట్రాక్టర్లు వచ్చేసరికి రెండు అంతస్తుల స్లాబులు వేయడం పూర్తయింది. ఇప్పుడు పైపులకు దారి లేక కోర్ కటింగ్ (గట్టిపడిన కాంక్రీటుకు యంత్రంతో రంధ్రాలు వేయడం) చేయవలసి వస్తోంది. బృందమంతా మొదటి నుంచీ కలిసి పనిచేయడమే గడువును, ఖర్చును నిర్ణయిస్తుందా? లేక మంచి యజమాని, చాలినంత డబ్బు ఉన్నచోట ఈ సహకారం దానంతట అదే కనిపిస్తుందా?

సమాధానం (కాంట్రాక్టుల విభాగం, హైదరాబాద్):
మీ రెండో ప్రశ్న చాలా ముఖ్యమైనదండి. లండన్ హీత్రూ విమానాశ్రయం టెర్మినల్ 5 విషయంలో యజమాని సంస్థ బీఏఏ, నష్టభయాన్ని కాంట్రాక్టర్ల మీదికి నెట్టకుండా తానే మోసి, అయిన ఖర్చును లాభంతో సహా చెల్లించే ఒప్పందం చేసుకుంది. సమస్యను బయటపెట్టినవాడికి జరిమానా పడే భయం లేకపోవడం వల్లనే డిజైనర్లు, కాంట్రాక్టర్లు ఒకే బృందంగా కూర్చోగలిగారు. సుమారు 430 కోట్ల పౌండ్ల ఆ నిర్మాణం అనుకున్నట్టే 2008 మార్చి 27న ప్రారంభమైంది. కనుక డబ్బు ఉండటం కన్నా, ఆ డబ్బును ఏ షరతుల మీద ఇచ్చారన్నదే సహకారానికి మూలమని నా అభిప్రాయం.

సమాధానం (స్ట్రక్చరల్ ఇంజనీరు, విశాఖపట్నం):
సహకారం ఉందా అనే కాదు, ఎప్పుడు మొదలైందన్నదీ చూడాలి. సిడ్నీ ఓపెరా హౌస్‌లో ఆర్కిటెక్ట్ యోర్న్ ఉట్జన్, ఓవ్ అరప్ సంస్థ ఇంజనీర్లు ఏళ్ల తరబడి కలిసి శ్రమించి, గవ్వల్లా వంపు తిరిగిన పైకప్పు భాగాలన్నింటినీ ఒకే గోళం ఉపరితలం నుంచి తీసుకునే అద్భుతమైన పరిష్కారానికి వచ్చారు. కానీ కప్పు ఆకృతి తేలకముందే 1959లో పని మొదలుపెట్టేయడంతో, అప్పటికే కట్టిన స్తంభాలు ఆ బరువుకు చాలక వాటిని మళ్లీ కట్టవలసి వచ్చింది. 1966లో ఉట్జన్ తప్పుకున్నారు. 70 లక్షల ఆస్ట్రేలియన్ డాలర్ల అంచనా, 1973లో భవనం తెరిచేనాటికి 10.2 కోట్లకు చేరింది.

సమాధానం (ప్రాజెక్టు మేనేజర్, బెంగళూరు):
పై ఇద్దరితోనూ ఏకీభవిస్తాను, అయితే బృందంలో ఎవరెవరు ఉన్నారన్నదీ లెక్కలోకి రావాలి. అంత చక్కగా కట్టిన టెర్మినల్ 5లోనే తొలిరోజు సామాను వ్యవస్థ స్తంభించి విమానాలు రద్దయ్యాయి. కొత్త భవనంలో పనిచేయవలసిన సిబ్బందికి తగినంత శిక్షణ, ముందస్తు పరీక్షలు లేకపోవడం అందుకు ఒక పెద్ద కారణం. అందువల్ల ఆసుపత్రిలో నర్సులను, వైద్య పరికరాల ఇంజనీర్లను కూడా డ్రాయింగుల దగ్గర కూర్చోబెట్టాలి.

మనవైపు ఎల్1 టెండరు (అతి తక్కువ ధర చెప్పినవారికి పని ఇచ్చే పద్ధతి) తేలేదాకా కాంట్రాక్టరు ఎవరో తెలియదు కాబట్టి, పనిని బాగా ఎరిగిన ఏసీ, ప్లంబింగ్ కన్సల్టెంట్లనైనా పునాది దశకు ముందే నియమించుకోవడం అవసరం. మీ ప్రాజెక్టులో అది దాటిపోయినా, మూడో అంతస్తుకు ఇనుము కట్టకముందే అందరి డ్రాయింగులనూ ఒకదానిపై ఒకటి పెట్టి సరిచూసి, స్లీవుల (పైపులు వెళ్లేందుకు స్లాబులో ముందే అమర్చే గొట్టాల) స్థానాలపై అందరి సంతకాలూ తీసుకోండి. మార్పును అక్కడికక్కడే ఆమోదించే అధికారం ఉన్న వ్యక్తి ఆ సమావేశంలో తప్పనిసరిగా ఉండేలా చూడండి.