కార్డుకి 2 శాతం ఎక్స్‌ట్రా అంటున్నారు, నో కాస్ట్ ఈఎంఐ మేలా?

గుంటూరోడు:
ఫ్రిజ్ రేటు 30,000 చెప్పారు. స్టిక్కర్ మీద ఎమ్మార్పీ 38,500. క్రెడిట్ కార్డు గీకితే 600 ఎక్స్‌ట్రా అట. వద్దంటే అదే కార్డు మీద 6 నెలల నో కాస్ట్ ఈఎంఐ పెట్టుకోమంటున్నారు. 600 అడగొచ్చా? ఈఎంఐలో నిజంగా ఏమీ పడదా?

బిల్లుముఖ్యం:
30,600 కట్టినా ఎమ్మార్పీ దాటదు కాబట్టి తూనికలు కొలతల శాఖకి వెళ్తే పని జరగదు. చాలామంది అక్కడే తిరిగి విసిగిపోతారు. ఇది షాపుకీ, స్వైపింగ్ మెషిన్ ఇచ్చిన బ్యాంకుకీ మధ్య ఒప్పందం సంగతి. బ్యాంకు కోసుకునే కమీషన్ షాపువాళ్లే భరించాలి. డెబిట్ కార్డుకైతే ఆ భారం కస్టమర్ మీద వేయొద్దని ఆర్‌బీఐ సూటిగానే చెప్పింది. రూపే డెబిట్ కార్డు, బ్యాంకు ఖాతా నుంచి కట్టే యూపీఐ మీద 2020 జనవరి నుంచి కమీషనే లేదు.

600ని బిల్లులో విడిగా రాయమనండి. సాధారణంగా అక్కడే వెనక్కి తగ్గుతారు. బిల్లు 30,000కి, కార్డు స్లిప్పు 30,600కి వస్తే రెండూ దాచండి, సాక్ష్యం అదే. మెషిన్ ఏ బ్యాంకుదో స్లిప్పు పైనే ఉంటుంది, ఫిర్యాదు ఆ బ్యాంకుకి.

ఇంకొకటి, 30,000 జీఎస్టీతో కలిపేనా? 18 శాతం విడిగా వేస్తే 35,400 అవుతుంది, అదీ ఎమ్మార్పీ లోపలే కాబట్టి అనుమానం రాదు. డిస్కౌంట్ రేటు మీద మళ్లీ పన్ను వేయడాన్ని జాతీయ వినియోగదారుల కమిషన్ 2017లోనే తప్పుపట్టింది.

వడ్డీలెక్క:
సున్నా వడ్డీ అనేదే లేదని ఆర్‌బీఐ 2013 సెప్టెంబర్‌లోనే బ్యాంకులకి చెప్పింది. వడ్డీ 15 శాతం అనుకుందాం. ముందే 1,270 తగ్గించి 28,730కి లోన్ పెడతారు. నెలకి 5,000 చొప్పున ఆరు నెలల్లో ఆ 1,270 వడ్డీగా తిరిగి కడతారు. కానీ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ, 229, మీ నెత్తినే. ప్రాసెసింగ్ ఫీజు 199 ఉంటే జీఎస్టీతో 235. మొత్తం 464.

పిన్ కొట్టేముందు మెషిన్ మీద నెల వాయిదా చూడండి. 5,000 బదులు 5,221 కనిపిస్తే డిస్కౌంట్ ముందే ఇవ్వలేదని, తర్వాత క్యాష్‌బ్యాక్‌గా వస్తుందని అర్థం. ఎన్ని రోజుల్లో, ఎవరు వేస్తారో రాయించుకోండి. మధ్యలో లోన్ మూసేస్తే అది పోయే ప్రమాదం ఉంది.

అసలు ముందు అడగాల్సింది, మొత్తం ఒకేసారి యూపీఐలో కడితే ఎంతకిస్తారని. 29,000కి దిగితే ఈఎంఐ అసలు ఖర్చు 1,464 అన్నమాట.

గుంటూరోడు:
కట్టాక 600 తిరిగివ్వనంటే?

బిల్లుముఖ్యం:
జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నంబర్ తీసుకోండి. తేలకపోతే మీరుండే జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే కేసు వేయొచ్చు, షాపు ఏ ఊళ్లో ఉన్నా సరే. గడువు రెండేళ్లు. చెల్లించిన సొమ్ము 5 లక్షల లోపు కాబట్టి ఫీజు లేదు, లాయరూ అక్కర్లేదు.