ఇంజిన్ మార్చాక సైలెన్సర్ ప్యాకింగ్ నిలవడం లేదు, తక్కువలో ఏది మంచిది?

కట్టమంచి కుర్రోడు (మధ్యాహ్నం 3.32):
అన్నలారా, పొద్దున ఎనిమిదింటికి బండి కింద దూరాను, ఇంకా అన్నం కూడా తినలేదు. మా నాయన మారుతి 800కి ఇంజిన్ మార్చాను. చెన్నై పుదుపేటలో దొరికింది, కంప్రెషన్ బాగుంది, వైరింగ్ పాట్లన్నీ పడ్డాను, బండి ఒక్క సెల్ఫ్‌కే స్టార్ట్ అవుతోంది. కానీ జాయింట్‌లోంచి పొగ కారకుండా మధ్యలో వేసే సైలెన్సర్ ప్యాకింగ్ మాత్రం నిలవడం లేదు. మొదటిది రెండు రోజులు వచ్చింది, రెండోది నిన్న సాయంత్రం వేస్తే పొద్దునకే పోయింది. సౌండ్ ఎలా ఉందంటే షేర్ ఆటో వచ్చిందనుకుని ఎదురింటి అవ్వ సంచి పట్టుకుని బయటికొచ్చింది. ఉన్న డబ్బంతా ఇంజిన్‌కే ఊడ్చిపెట్టాను, మళ్ళీ వేలు పెట్టే ఓపిక లేదు. రాగిదా, రేకుదా, బూడిదరంగు అట్టలా ఉండేదా, తక్కువలో గట్టిగా నిలిచేది ఏదో ఒకటి చెప్పండి.

పాన నంబర్ 12:
ఏ ఇంజిన్?

ఆర్సీ మాస్టారు:
బాబూ, ప్యాకింగ్ సంగతి తర్వాత. ఆర్సీలో ఇంజిన్ నంబర్ మార్పించావా? 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఒకసారి చదువు. బండిలో మార్పు చేస్తే 14 రోజుల్లోగా ఆర్టీవో ఆఫీసులో తెలియజేయాలి. నీకు ఇంజిన్ అమ్మినవాడి దగ్గర బిల్లు, ఆ పాత బండి కాగితాలు తీసుకున్నావా లేదా? రేపు అది ఏ దొంగ బండిదో అని తేలితే ప్యాకింగ్ కాదు, లాయర్ని వెతుక్కోవాలి. యాక్సిడెంట్ అయిన రోజు ఇన్సూరెన్స్ వాళ్ళు మొదట చూసేది కూడా ఆ నంబరే. మా వీధిలో ఒకాయన ఇలాగే నవ్వుతూ తీసిపారేశాడు, తర్వాత ఏడాది పాటు తిరిగాడు.

కట్టమంచి కుర్రోడు:
బిల్లు ఉంది మాస్టారూ, ఆ పని సోమవారం చూసుకుంటా. పాన అన్నా, 800కి వేసేదే, ఎంపీఎఫ్ఐ, అదే కార్బ్యురేటర్ లేకుండా ఇంజెక్టర్లతో పెట్రోల్ పోసేది.

పాన నంబర్ 12:
సైలెన్సర్ ప్యాకింగ్ అంటే ఎక్కడిది? పైన ఇంజిన్ హెడ్ దగ్గరిదా, కింద పైపు జాయింట్ రింగా?

రేణిగుంట డీజిల్:
సైలెన్సర్ ప్యాకింగ్ అంటే వెనక డబ్బా దగ్గరిదే కదా. దానికి ఇంత గోల దేనికి, రెండు క్లాంపులు బిగించు.

లేత్ బాబాయ్:
డబ్బాని ఒక్కదాన్నే సైలెన్సర్ అనేది మీ డీజిల్ వాళ్ళు. మా షాపుకి వచ్చేవాళ్ళకి హెడ్ నుంచి బంపర్ దాకా మొత్తం సైలెన్సరే.

రేణిగుంట డీజిల్:
అలా అనబట్టే షాపులో ఒకటి అడిగితే ఇంకోటి ఇస్తున్నారు. హెడ్ దగ్గర అన్ని సిలిండర్ల పొగని ఒక్క పైపులోకి చేర్చేది మానిఫోల్డ్, దాని ప్యాకింగ్ మానిఫోల్డ్ గాస్కెట్. పేరు సరిగ్గా చెబితే సగం పని అయిపోతుంది.

లేత్ బాబాయ్:
సరే సామీ, నీదే గెలుపు. కుర్రోడా, ఎక్కడ పోతోందో చెప్పు.

కట్టమంచి కుర్రోడు:
హెడ్ దగ్గరే. మూడో సిలిండర్ పక్కన, రేడియేటర్ వైపు కాదు, గేర్‌బాక్స్ వైపు. విప్పి చూస్తే ప్యాకింగ్ మీద చీమల బారులాగా నల్లటి మసి గీత, రంధ్రం అంచు నుంచి బయటిదాకా. అక్కడ అట్ట పొరలు పొరలుగా లేచిపోయింది. ఎర్ర సిలికాన్ కూడా పూశాను, అది బూడిదై రాలింది.

లేత్ బాబాయ్:
రాలక ఏమవుతుంది. ఎర్ర సిలికాన్ మహా అయితే మూడొందల చిల్లర డిగ్రీలు తట్టుకుంటుంది. పెట్రోల్ ఇంజిన్‌లో లోడ్ మీద హెడ్ దగ్గర పొగ 700 నుంచి 900 డిగ్రీలు ఉంటుంది. అది ఆయిల్ చాంబర్‌కి పూసుకునే సరుకు, ఇక్కడ పనికిరాదు.

ఇక ఏది కొనాలి అంటే, నీలాంటి పాత ఇంజిన్‌కి మధ్యలో చిల్లుల రేకు, రెండు వైపులా గ్రాఫైట్ ఉండేది మేలు. ముఖం కాస్త ఎగుడుదిగుడుగా ఉన్నా సర్దుకుంటుంది, ధర కూడా ఎక్కువ కాదు, టాల్‌బ్రోస్‌లాంటి గాస్కెట్ కంపెనీది తీసుకుంటే చాలు. పొరల స్టీలుది ఎక్కువ కాలం వస్తుంది కానీ దానికి ముఖం అద్దంలా ఉండాలి. రాగిది కావాలంటే బిగించే ముందు ఎర్రగా కాల్చి నీళ్ళలో ముంచు, మెత్తబడుతుంది. ఇనుముని అలా ముంచితే గట్టిపడుతుంది, రాగికి ఉల్టా. ఒకసారి వాడిన రాగిది కూడా మళ్ళీ కాల్చి వేసుకోవచ్చు, నీ బడ్జెట్‌కి అదే లాభం.

కానీ ఏది వేసినా మానిఫోల్డ్ వంకర ఉంటే వారం నిలవదు. దాని ముఖం మీద స్టీల్ స్కేల్ అంచు ఆనేలా పెట్టి కింద ఫీలర్ గేజ్, అదే సందు కొలిచే పల్చటి రేకు ఆకు, దూర్చు. 0.10 మిల్లీమీటర్ల ఆకు దూరిందంటే లేత్‌కి తీసుకెళ్ళి ఫేస్ కొట్టించి చదును చేయించు. నట్లు మధ్యలోంచి మొదలుపెట్టి చివరలకి రా, ఒకేసారి కాదు, మూడు విడతల్లో. గ్రాఫైట్‌దైతే ఒకసారి వేడెక్కి చల్లారాక మళ్ళీ పాన పెట్టాలి, మనవాళ్ళు ఎగ్గొట్టేది ఇదే. ఆ పాత ప్యాకింగ్ ముక్కలు గీకేటప్పుడు నీళ్ళు చల్లి గీకు. పాతకాలం వాటిలో ఆస్‌బెస్టాస్ ఉండేది, ఆ పొడి పీలిస్తే ఊపిరితిత్తులు పోతాయి. నేను ఇరవై ఏళ్ళు నోటితో ఊదాను, ఇప్పుడు అనుకుంటే భయం వేస్తుంది.

ఘాట్ రోడ్డు:
లీకు ఉన్నంతసేపు అద్దాలు మూసి, ఏసీ వేసి తిరగొద్దు తమ్ముడూ. కార్బన్ మోనాక్సైడ్‌కి రంగు వాసన ఉండవు, తలనొప్పి అనుకునేలోపు నిద్రొచ్చేస్తుంది. తిరుమల కొండమీదికి అసలే వెళ్ళొద్దు, రెండో ఘాట్‌లో ముందు బస్సు వెనక సెకండ్ గేర్‌లో నిమిషాలకొద్దీ పాకాలి. ఇంకో సంగతి, పొగ పైపులో ఉండే ఆక్సిజన్ సెన్సార్‌కి ముందు లీకు ఉంటే బయటి గాలి లోపలికి పీలుస్తుంది, కంప్యూటర్ పెట్రోల్ తక్కువైందనుకుని ఇంకా పోస్తుంది. మైలేజ్ పడిందా?

కట్టమంచి కుర్రోడు:
పడిందన్నా, నేను ఇంజిన్ లోపల కార్బన్ పట్టిందనుకున్నా. బాబాయ్, స్కేల్ పెట్టాను, 0.10 దూరలేదు. అంటే మానిఫోల్డ్ బాగున్నట్టే కదా? కొత్త ప్యాకింగ్‌కి స్టడ్డు రంధ్రాలు కాస్త కుదరకపోతే రౌండ్ ఫైల్‌తో పెద్దవి చేసుకున్నాను, అంతే తప్ప పని శుభ్రంగానే చేశా.

పాన నంబర్ 12:
ఫైల్ పట్టావా?

పాన నంబర్ 12:
బ్లాక్ మీద నంబర్ చదువు.

కట్టమంచి కుర్రోడు:
ఎఫ్8డి అని మొదలవుతోంది. ఎందుకన్నా? అది ఆల్టోదే, కానీ 800 సీసీనే కదా, రెండూ 796.

లేత్ బాబాయ్:
ఓరి నాయనా! ఈ ముక్క మొదటే చెప్పి ఉంటే నా వేళ్ళకి ఇంత నొప్పి ఉండేది కాదు. సీసీ ఒకటే, హెడ్ వేరు. మీ నాయన బండికి వచ్చింది ఎఫ్8బి, సిలిండర్‌కి రెండు వాల్వులు, మొత్తం ఆరు. ఆల్టోది ఎఫ్8డి, మొత్తం పన్నెండు. ఎంపీఎఫ్ఐ అన్నంత మాత్రాన పన్నెండు వాల్వులని కాదు, 800లో ఆరు వాల్వుల ఎంపీఎఫ్ఐ కూడా చాలా బండ్లు వచ్చాయి. నువ్వు షాపులో "800కి ప్యాకింగ్" అన్నావు, వాడు ఆరు వాల్వులది ఇచ్చాడు. వాడి తప్పు లేదు.

రేణిగుంట డీజిల్:
చూశారా, నేను చెప్పిందే. పేరు సరిగ్గా చెప్పాలి.

లేత్ బాబాయ్:
నువ్వు చెప్పింది డబ్బా క్లాంపు.

కట్టమంచి కుర్రోడు:
ప్యాకింగ్‌ని హెడ్ మీద పెట్టి టార్చ్ వేసి చూశా. మూడో రంధ్రంలో అంచు రెండు మూడు మిల్లీమీటర్లు లోపలికి పొడుచుకొచ్చింది. మంట నేరుగా దానికే తగులుతోంది. సిగ్గుగా ఉంది. ఇప్పుడు షాపు మూసేలోపు పోతా.

ఆర్సీ మాస్టారు:
అంటే మోడలే వేరే ఇంజిన్ అన్నమాట. ఇక తెలియజేస్తే చాలదు, అనుమతి సంగతి కూడా ఉంటుంది. సోమవారం అన్నావు, గుర్తుంచుకో.

కట్టమంచి కుర్రోడు (మరుసటి రోజు రాత్రి 9.10):
ఆల్టోది గ్రాఫైట్ ప్యాకింగ్ వేశా. రంధ్రాలు వాటంతట అవే కూర్చున్నాయి, ఫైల్ ముట్టలేదు. వేడెక్కాక మళ్ళీ బిగించా. పైన సౌండ్ పోయింది. థ్యాంక్స్ అన్నలారా. కింద పైపు జాయింట్ దగ్గర ఇప్పుడు బుస్ అంటోంది, ఇంతకుముందు ఆ గోలలో వినపడలేదేమో. పెళ్ళికి పలమనేరు పోవాలి, వచ్చాక చూస్తా.

పాన నంబర్ 12:
పాత రింగే వేశావా?