డీఎన్‌ఏ టీకా ఇచ్చిన ఎలుకల్లో యాంటీ-డీఎన్‌ఏ యాంటీబాడీలు పెరిగాయి, ఎవరికైనా ఇలా వచ్చిందా?

ప్లాస్మిడ్_విద్యార్థిని
అందరికీ నమస్కారం. డీఎన్‌ఏ టీకా (ప్లాస్మిడ్ అనే గుండ్రటి డీఎన్‌ఏలో జన్యువు పెట్టి ఇచ్చే టీకా) మీద పీహెచ్‌డీ చేస్తున్నాను. ఆడ ఎలుకలకు తొడ కండరంలో మూడు డోసులు ఇచ్చాను, ఒక్కోటి 50 మైక్రోగ్రాములు. టీకా బాగానే పనిచేసింది. ఎందుకైనా మంచిదని, డీఎన్‌ఏను పట్టుకునే యాంటీబాడీలను కొలిచే యాంటీ-డీఎన్‌ఏ ఎలైజా పరీక్ష కూడా పెట్టాను. ప్లేటులో టీకా గ్రూపు బావుల్లో పసుపు రంగు సెలైన్ గ్రూపు కంటే బాగా ముదిరింది. రెండు రోజులుగా నిద్ర పట్టడం లేదు. వాటికి లూపస్ (రక్షణ వ్యవస్థ సొంత శరీరం మీదే దాడి చేసే జబ్బు) లాంటిది తెప్పించానా?

పాత_ల్యాబ్_చేయి
టెన్షన్ పడకమ్మా. ముందు ఈ మూడూ చెప్పు. జన్యువు లేని ఖాళీ ప్లాస్మిడ్ ఇచ్చిన గ్రూపు ఉందా? మొదటి డోసుకు ముందు తీసిన రక్తం దాచావా? ప్లాస్మిడ్‌లో ఎండోటాక్సిన్ (బ్యాక్టీరియా గోడలోని విషపదార్థం) ఎంతుందో చూశావా?

ఎందుకు అడుగుతున్నానంటే, నేను ఇక్కడే మూడు నెలలు పోగొట్టుకున్నాను. ప్లాస్మిడ్‌ను పెంచేది ఈ-కోలై బ్యాక్టీరియాలో కదా. శుద్ధి సరిగా జరగకపోతే దాని ఎండోటాక్సిన్ కూడా సిరంజిలోకి వచ్చేస్తుంది. యాంటీబాడీలు తయారుచేసే బి కణాలను రెచ్చగొట్టడానికి అదొక్కటి చాలు. శుభ్రమైన బ్యాచ్‌తో మళ్లీ చేస్తే నాకు తేడా సగానికి పైగా పోయింది.

ప్లేటును కూడా అనుమానించు. రెండు పోగుల డీఎన్‌ఏ ప్లాస్టిక్‌కు సరిగా అంటుకోదని కింద పాలీలైసిన్ అనే జిగురులాంటి పదార్థం పూస్తాం. సీరంలోని వేరే పదార్థాలు ఆ పాలీలైసిన్‌కే అతుక్కుంటాయి. ప్రతి శాంపిల్‌కూ డీఎన్‌ఏ వేయని బావి ఒకటి పెట్టి, ఆ రీడింగ్ తీసేయాలి.

బి_కణం
అసలు కొంత పెరగడం వింతేమీ కాదు. బ్యాక్టీరియా డీఎన్‌ఏలో మిథైల్ గుంపు లేని సీజీ (సైటోసిన్-గ్వానిన్) అక్షరాల జంటలు ఎక్కువ. టీఎల్‌ఆర్-9 అనే గ్రాహకం వాటిని పసిగట్టి బి కణాలను లేపుతుంది. అలా లేచినవాటిలో సొంత డీఎన్‌ఏను పట్టుకునేవీ కొన్ని ఉంటాయి. 1997లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ పరిశోధకులు మామూలు ఎలుకల్లో చూసిందీ ఇదే. యాంటీ-డీఎన్‌ఏ ఐజీజీ రకం యాంటీబాడీలను తయారుచేసే కణాలు రెండు మూడు రెట్లు పెరిగాయి, జబ్బు మాత్రం రాలేదు. లూపస్ దానంతట అదే వచ్చే జాతి ఎలుకల్లో కూడా టీకా వల్ల జబ్బు త్వరగా ముదరలేదు. ఆ తరహా ఎలుకలకే బ్యాక్టీరియా డీఎన్‌ఏ ఇచ్చిన మరో ప్రయోగంలో కిడ్నీ జబ్బు తగ్గింది కూడా!

ప్లేటుకు ఏ డీఎన్‌ఏ పూశారు? మామూలు ఎలుకల్లో బ్యాక్టీరియా డీఎన్‌ఏకు పుట్టే యాంటీబాడీలు చాలావరకు దాన్నే పట్టుకుంటాయి, క్షీరదాల డీఎన్‌ఏ జోలికి రావు. దూడ థైమస్ గ్రంథి డీఎన్‌ఏతో చూస్తేనే మీ ప్రశ్నకు జవాబు దొరుకుతుంది. ఆ తర్వాత క్రిథిడియా (రెండు పోగుల డీఎన్‌ఏ గుత్తి ఉన్న ఏకకణ జీవి) స్లైడు మీద కూడా చూడండి.

కిడ్నీ_స్లైడ్లు
నేను పాథాలజీ మనిషిని. ఎలైజా అంకె కంటే కిడ్నీనే నమ్ముతాను. గ్లోమెరులస్‌లో (కిడ్నీలో రక్తాన్ని వడకట్టే చోట) ఐజీజీ, సీ3 అనే రోగనిరోధక ప్రోటీన్లు మెరిసే రంగు వేశాక ఆకుపచ్చగా గింజలు గింజలుగా మెరుస్తుంటే అప్పుడు భయపడాలి. ఆ మెరుపు చూడాలంటే కిడ్నీలో సగం గడ్డకట్టించి ఉంచండి, మిగతా సగం ఫార్మలిన్‌లో వేయండి. మొత్తం ఫార్మలిన్‌లో వేసేసి తర్వాత బాధపడినవాళ్లను చాలామందిని చూశాను.

మూత్రం స్ట్రిప్‌తో జాగ్రత్త. ఎలుకల మూత్రంలో ప్రోటీన్ మామూలుగానే ఉంటుంది, మగవాటిలో మరీ ఎక్కువ. ఒక ప్లస్ చూసి కంగారు పడొద్దు. వారం వారం పెరుగుతోందా అన్నదే చూడాలి.

కండరం కూడా కోయండి. సూది పడిన చోట పోగుల మధ్య లింఫోసైట్లు అనే తెల్ల రక్తకణాలు కనిపించడం సహజమే. పరాయి ప్రోటీన్ తయారుచేస్తున్న కణాల మీదికి అవి వస్తాయి. సూది వేయని కాలిలో కూడా అదే కనిపిస్తే మాత్రం ఆలోచించాలి.

లూపస్‌తో_పదేళ్లు
నేను సైన్స్ మనిషిని కాను, లూపస్ రోగిని. ఎలుకల్లో ఏమీ రాలేదంటే నాలాంటివాళ్లకు ఏమీ కాదని అర్థమా?

బి_కణం
అలా అనలేమండీ. 20 ఎలుకల్లో ఒక్కదానికీ రాకపోయినా, నిజమైన రేటు దాదాపు 14 శాతం దాకా ఉండే అవకాశాన్ని లెక్కల ప్రకారం కొట్టిపారేయలేం. అరుదైన ప్రమాదం చిన్న గ్రూపుకు చిక్కదు. జంతు ప్రయోగాల్లో పెద్ద హెచ్చరిక కనబడలేదు కాబట్టే 2007 మార్గదర్శకాల్లో ఎఫ్‌డీఏ లూపస్ లాంటి ఆటోఇమ్యూన్ జబ్బు కోసం విడిగా పరీక్షలు అడగడం మానేసింది. మామూలు టాక్సిసిటీ (విషప్రభావం చూసే) ప్రయోగాల్లోనే జంతువుల ఆరోగ్యాన్ని జాగ్రత్తగా గమనించమంది. కానీ మీ విషయంలో మీ డాక్టరు మాటే వినండి, ఎలుకల లెక్కల్ని బట్టి నిర్ణయం తీసుకోవద్దు.

పశువైద్యం
ఒక్క మాట. టీకాలో ఏ జన్యువు పెట్టారన్నది మరచిపోవద్దు. కుక్కల నోటి మెలనోమా క్యాన్సర్‌కు వాడే డీఎన్‌ఏ టీకాకు 2010లో అమెరికాలో పూర్తి లైసెన్సు వచ్చింది. అందులో ఉన్నది మనిషి టైరోసినేజ్ (రంగు పదార్థం తయారీకి కావలసిన ప్రోటీన్) జన్యువు. కుక్కదానికి దగ్గరగా ఉంటూనే కాస్త తేడాగా ఉంటుంది కాబట్టి, సొంత ప్రోటీన్ మీదికే దాడి చేయించాలని దాన్ని ఎంచుకున్నారు. అలాంటి టీకా వేసిన కుక్కలో చర్మం, వెంట్రుకల రంగు తేలిపోతోందేమోనని ప్రతిసారీ చూస్తాను. మీ టీకా ప్రోటీన్‌కు ఎలుక ప్రోటీన్లతో పోలిక ఉందేమో ఒకసారి అమైనో ఆమ్లాల వరుసలు పక్కపక్కన పెట్టి చూసుకోండి.

ప్లాస్మిడ్_విద్యార్థిని
అందరికీ చాలా థ్యాంక్స్. ఫ్రీజర్ అడుగున మొదటి రక్తం ట్యూబులు దొరికాయి. టీకా గ్రూపులో రెండు ఎలుకలకు డోసుకు ముందే రీడింగ్ ఎక్కువగా ఉంది! డీఎన్‌ఏ వేయని బావుల విలువ తీసేశాక మిగతావాటిలోనూ తేడా బాగా తగ్గింది, పూర్తిగా పోలేదు. క్రిథిడియా నెగెటివ్. ప్రోటీన్ వరుసల్లో పెద్ద పోలికేమీ లేదు. ఖాళీ ప్లాస్మిడ్ గ్రూపు పెట్టకపోవడం నా తప్పే, గైడ్‌కు అదే చెప్పాను. ఎండోటాక్సిన్ పరీక్షకు శాంపిల్ ఇచ్చాను. కిడ్నీలు ఈరోజే తీశాను, సగం ఫార్మలిన్‌లో, సగం మైనస్ 80లో. స్లైడ్లు రాగానే ఇక్కడే పెడతాను.